మా నాన్నగారికి ఎల్‌కేజీ సీటు

మా నాన్నగారికి అరవై నాలుగో ఏట ఎల్‌కేజీలో సీటొచ్చింది. సిఫార్సు లేదు, డొనేషను లేదు, పూర్తిగా మెరిట్ మీదే. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత కాకినాడలో దీని గురించి చాలామంది చాలా రకాలుగా చెప్పుకున్నారు.

నా పేరు గుత్తుల కాశీవిశ్వనాథం. ఎరువుల డిపోలో గుమాస్తాని. మా ఆవిడ లోవకుమారి రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. మాకొక్కతే కూతురు, మోక్షిత. మేమిద్దరం పొద్దున్నే బయల్దేరిపోతే ఆ పిల్లని చూసుకునేది మా నాన్నగారు భద్రరావుగారే. ఆర్టీసీలో ముప్పై మూడేళ్ళు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. మా అమ్మ పోయి ఆరేళ్ళయింది. ఆ తర్వాత ఆయనకి మిగిలిన డ్యూటీ మనవరాలొక్కతే.

మోక్షితకి మూడున్నర నిండే వేళకి శిఖరాగ్ర గ్లోబల్ స్కూల్లో చేర్చి తీరాలని లోవకుమారి పట్టుబట్టింది. ఆ స్కూల్లో సీటొచ్చినవాళ్ళు వీధంతా మిఠాయిలు పంచుతారు. వెయిటింగ్ లిస్టులో నంబరొచ్చినవాళ్ళు కూడా పంచుతారు, కాకపోతే డబ్బా కాస్త చిన్నది.

దరఖాస్తు ఇరవై ఆరు పేజీలు. 'మీ కుటుంబం దేన్ని చూసి ఆశ్చర్యపోతుంది?' అని ఒక ప్రశ్న. నేను 'కరెంటు బిల్లు' అని రాశాను. లోవకుమారి అది కొట్టేసి 'ఇంద్రధనుస్సు' అని రాసింది. పరీక్షకి పిలుపొచ్చింది.

ఆ స్కూల్లో పిల్లకి మాత్రమే పరీక్ష పెట్టరు. 'కుటుంబ సమగ్ర పరిశీలన' అని పెడతారు. మూడు తరాలూ రావాలి. డిసెంబరులో ఒక ఆదివారం మేం నలుగురం వెళ్ళాం. పెద్ద హాలు, నలభైమంది పిల్లలు, అందులో ముప్పైమంది ఏడుస్తున్నారు. ఒకమ్మాయి 317 అని రాసున్న అట్టముక్కా పిన్నీసూ పట్టుకుని మోక్షిత దగ్గరకొచ్చింది. మోక్షిత "గుచ్చుకుంటుంది" అని తాతయ్య పంచె వెనకాల దాక్కుని రాగం అందుకుంది.

"పోనీ నాకు పెట్టెయ్యమ్మా, ఇద్దరం ఒకటేగా" అన్నారు నాన్నగారు.

ఆ అమ్మాయి ఆయన చొక్కాకే పెట్టేసింది. ఇంకో అమ్మాయి ట్యాబు పట్టుకొచ్చి 317 నంబరునీ, దాని పైనున్న ముఖాన్నీ కలిపి ఫోటో తీసుకుని, పేరడిగి, నాన్నగారు చెప్పిన తన పేరే ఎక్కించింది. 'అభ్యర్థి నమోదు అయినది' అంది ట్యాబు. పనైపోయిందనుకున్నాం. నిజంగానే అయిపోయింది.

ఆ తర్వాత తల్లిదండ్రులని వేరే గదిలో కూర్చోబెట్టి అద్దంలోంచి చూడమన్నారు. లోపల నాన్నగారిని ఎర్ర బంతి ఏదని అడిగారు. చూపించారు. చెక్కముక్కలు చిన్నా పెద్దా వరసలో పేర్చమన్నారు. పేర్చారు. పక్కన ఒక పిల్లాడు అమ్మ కావాలని ఏడుస్తుంటే జేబులోంచి బిస్కెట్టు తీసి విరిచి పెట్టారు. ఇంతలో జారుడుబల్ల దగ్గర పిల్లలు తోసుకోవడం మొదలెట్టారు. ఆయన ఉండబట్టలేకపోయారు.

"తోసుకోకండమ్మా! వెనకాల ఖాళీ ఉంది, వెనక్కి జరగండి. అందరూ ఎక్కాకే బండి కదుల్తుంది!"

నలభైమందీ బారుగా నిలబడ్డారు. పరిశీలకులు గబగబా రాసుకున్నారు. మోక్షిత ఒక మూల చాప మీద నిద్రపోయింది.

నాలుగో రోజు మెసేజొచ్చింది. 'అభినందనలు! చి. గుత్తుల భద్రరావు ఎల్‌కేజీ బి సెక్షనుకు ఎంపికైనారు. నాయకత్వ లక్షణములు: అసాధారణము. తోడు వచ్చిన వ్యక్తి మోక్షిత: వెయిటింగ్ లిస్టు 412.'

మర్నాడు సెలవు పెట్టి స్కూలుకెళ్ళాను. అక్కడ ప్రవేశాల డీన్ అని ఒకావిడున్నారు, మధుమంజరి మేడం. గదిలో నాలుగు మొక్కలు, రెండు షీల్డులు, అడుగు ఎత్తు కుర్చీలు. పెద్దలు కూడా అందులోనే కూర్చోవాలి. పిల్లల దృష్టికోణం అలవడుతుందట.

"మేడం, చిన్న పొరపాటు జరిగిందండి. భద్రరావు అంటే మా పాప కాదు. మా నాన్న."

"మేం బంధుత్వాల్లోకి వెళ్ళమండి. అభ్యర్థిలో వికసించడానికి సిద్ధంగా ఉన్న సామర్థ్యాన్ని మాత్రమే చూస్తాం."

"ఆయనకి అరవై నాలుగేళ్ళండి."

ఆవిడ నిబంధనల పుస్తకం తిరగేశారు. "జూన్ ఒకటో తేదీ నాటికి మూడు సంవత్సరాల ఆరు నెలలు నిండి ఉండవలెను అని ఉంది. నిండాయా?"

"నిండాయండి."

"మరి ఇబ్బందేమిటి?"

ఆ సీటు పాప పేరు మీదకి మార్చమని అడిగాను. సీటు అనేది బదిలీ చేసుకునే వస్తువు కాదనీ, అదొక అనుబంధమనీ ఆవిడ చెప్పారు. వదులుకుంటామన్నాను. వదులుకున్న కుటుంబానికి చదువుపట్ల నిబద్ధత లేదని భావించి ఐదేళ్ళదాకా దరఖాస్తు తీసుకోమన్నారు.

"అయితే భద్రరావు చేరితే మీకొక శుభవార్త ఉందండి" అన్నారు చిరునవ్వుతో. "ఆ ఇంట్లో మిగతా పిల్లలకి తోబుట్టువుల కోటా వర్తిస్తుంది. మీ మోక్షిత నాలుగొందల పన్నెండు నుంచి పదకొండుకి వస్తుంది."

ఇంటికొచ్చి చెప్పాను. లోవకుమారి తల పట్టుకుంది. నాన్నగారు మాత్రం అరటిపండు ఒలిచి మోక్షిత చేతికిచ్చి తాపీగా అన్నారు.

"పదకొండంటే దగ్గరికొచ్చేసినట్టేరా. ముప్పై మూడేళ్ళు రోజూ కాకినాడ నుంచి రాజమండ్రి నిలబడే వెళ్ళాను, నిలబడే వచ్చాను. మనవరాలి కోసం ఏడాదిపాటు కూర్చోలేనా?"

ఫీజు చూస్తే మా తాహతుకి మించి ఉంది. కానీ ఆర్థిక సహాయానికి ఫారం ఒకటుంది. 'విద్యార్థి తండ్రి' అన్నచోట 'కాలం చేశారు' అని రాశాను. 'తల్లి' అన్నచోటా అంతే. 'సంరక్షకుడు' అన్నచోట 'కొడుకు' అని రాశాను. అబద్ధం ఒక్క ముక్క లేదు. వారం తిరక్కుండా సహాయ కమిటీవాళ్ళు ముగ్గురు పళ్ళబుట్టతో మా ఇంటికొచ్చారు. నాన్నగారిని చూసి వాళ్ళ ముఖాలు జాలితో నిండిపోయాయి.

"తల్లినీ తండ్రినీ ఇద్దర్నీ పోగొట్టుకున్నాడు" అన్నాడు అందులో పెద్దాయన.

"నాన్న పోయినప్పుడు నాకు యాభై రెండేళ్ళండి" అన్నారు నాన్నగారు.

"అది ఏ బిడ్డకైనా చిన్న వయసే" అని ఆయన రాసుకున్నాడు. అనాథ విద్యార్థి కింద ఫీజంతా మాఫీ అయింది.

ఇలాంటి సంగతులు దాగవు. వెయిటింగ్ లిస్టులో రెండొందలూ మూడొందలూ నంబర్లున్నవాళ్ళంతా మా ఇంటికి రావడం మొదలెట్టారు. ఫిబ్రవరిలో బి సెక్షన్‌లో మిగిలిన సీట్లకి రెండో విడత పరిశీలన జరిగింది. ఆ రోజు హాల్లో ఒక్క ఏడుపు వినపడలేదు. నంబర్లన్నీ తాతయ్యల చొక్కాలకీ, అమ్మమ్మల చీర కొంగులకీ ఉన్నాయి. అందరూ ఎర్ర బంతి గుర్తుపట్టారు. అందరూ పదిదాకా లెక్కపెట్టారు. ఎవరూ నిక్కరు తడుపుకోలేదు. స్కూలు చరిత్రలో ఇంత నాణ్యమైన బ్యాచి రాలేదని మధుమంజరి మేడం ప్రకటించారు. మా నాన్నగారితో కలిపి ముప్పై సీట్లకి ముప్పైమందీ పెద్దవాళ్ళే. ముక్కాలు భాగం అనాథలే.

జూన్‌లో బడి తెరిచారు. యూనిఫారం నీలం గళ్ళ చొక్కా, బూడిదరంగు నిక్కరు. నాన్నగారు నిక్కరు దగ్గర ససేమిరా అన్నారు. దర్జీ ఆలోచించి నిక్కరునే పాదాలదాకా కుట్టాడు. మెడలో ఐడీ కార్డు, భుజాన నీళ్ళ సీసా, చేతిలో టిఫిన్ డబ్బా. లోవకుమారి గడప దగ్గర నిలబడి, "మామయ్యగారూ, డబ్బాలో క్యారెట్ ముక్కలు పెట్టాను. బయటి తిండి తేకూడదని డైరీలో రాశారు" అంది.

"ఆయ్, అలాగేనమ్మా" అన్నారు ఆయన. జేబులో చేగోడీల పొట్లం చప్పుడైంది.

స్కూలు బస్సెక్కగానే ఆయనకి ప్రాణం లేచొచ్చింది. మొదటి రోజే తలుపు దగ్గర నిలబడి, "జగన్నాయక్‌పూర్, జగన్నాయక్‌పూర్! దిగేవాళ్ళు ముందుకి రండి!" అని కేకలేశారు. అప్పుడు బస్సెక్కేవాళ్ళే తప్ప దిగేవాళ్ళెవరూ లేరు.

క్లాసు టీచరు గ్రేస్ మిస్. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. మొదటి పేరెంట్స్ మీటింగుకి మా నాన్నగారి తరఫున నేను వెళ్ళాను. అడుగు ఎత్తు కుర్చీలో కూర్చున్నాను. ఆయన నా పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"రూల్ ప్రకారం పేరు పెట్టి పిలవాలండి, ఏమనుకోకండి" అని గ్రేస్ మిస్ ఇబ్బందిగా మొదలెట్టింది. "భద్రరావు చాలా చురుకైన బిడ్డండి. కానీ అటెండెన్స్ పిలిస్తే రానివాళ్ళకి కూడా 'వస్తన్నారు, వస్తన్నారు, మలుపులో ఉన్నారు' అంటాడు. పడుకునే పీరియడ్‌లో కబుర్లు చెప్తాడు, కథ చెప్పే పీరియడ్‌లో గురక పెడతాడు. క్లాసులో చేగోడీలు పంచుతాడు."

నేను నాన్నగారి వంక చూశాను. ఆయన నేల చూపులు చూశారు. నా ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారి ముందు నేను సరిగ్గా ఇలాగే నిలబడ్డాను. అప్పుడు కుర్చీలో కూర్చున్నది ఆయన.

"ఇంట్లో చెప్తానండి" అన్నాను.

"కొట్టకండి" అంది మిస్. తర్వాత గొంతు తగ్గించి, "ఇంకో మాటండి. మా క్లాసులో అచ్చియ్యమ్మ అని ఉంది. డెబ్భై ఒకటి. చిన్నప్పుడు బడికి పంపలేదట, ఇన్నాళ్ళూ వేలిముద్రే. మొదట్లో పలక ముట్టుకోడానికి కూడా సిగ్గుపడేది. భద్రరావే రోజూ పక్కన కూర్చుని గీత గీత దిద్దించాడు. నిన్న తన పేరు తనే రాసుకుంది. రాసి, గంటసేపు దాన్నే చూస్తూ కూర్చుంది" అంది.

దార్లో నాన్నగారిని తిట్టాలని గట్టిగా అనుకున్నాను. స్కూటరు మీద వెనక కూర్చుని ఆయన ఇంగ్లీషులో ఏడు రంగుల పేర్లూ అప్పజెప్పారు. ఇక తిట్టలేకపోయాను. దారిలో ఐస్‌క్రీం కొనిపెట్టాను.

అసలు చిక్కు వేరే వచ్చింది. ముప్పైమంది పెద్దవాళ్ళు బడికి పోతే ముప్పై ఇళ్ళలో పిల్లల్ని చూసేవాళ్ళు లేరు. తల్లిదండ్రులందరం కలిసి డీన్ దగ్గరకెళ్ళాం. ఆవిడ రెండు రోజులు ఆలోచించి స్కూలు వెనకాల 'నిరీక్షణ వనం' స్థాపించారు. ఒక ఇసక కుప్ప, రెండు ఉయ్యాలలు, నూకాలమ్మ అనే ఆయా. గోడ మీద ఒక బోర్డు: 'ఇందు ఉన్నవారు వెయిటింగ్ లిస్టు వారు మాత్రమే. వీరికి ఎట్టి బోధనయు చేయరాదు.'

నూకాలమ్మ ఆ ఆజ్ఞని అక్షరాలా పాటించింది. పిల్లలకి ఒక్క ముక్క చెప్పలేదు. వాళ్ళు పొద్దున్నుంచి సాయంత్రందాకా ఇసకలో ఇళ్ళు కట్టారు, చీమల వెంట నడిచారు, కొట్టుకున్నారు, కలిసిపోయారు. బి సెక్షన్ కిటికీ వనంలోకే ఉండేది. లోపల తాతయ్యలు పాట సగంలో మర్చిపోతే కిటికీ బయట నుంచి మనవలు అందించేవాళ్ళు. అలా అందించడం కాపీ కొట్టడమవుతుందని డీన్ కిటికీకి తెర కట్టించారు. పిల్లలు గొంతు పెంచారు.

ఫిబ్రవరిలో తనిఖీ అధికారి ఒకాయన వచ్చారు. బి సెక్షన్‌లో అడుగుపెట్టగానే ముప్పైమందీ మోకాళ్ళు పట్టుకుంటూ లేచి, "గుడ్... మార్నింగ్... సార్" అన్నారు. ఆయన కంగారుపడి తిరిగి నమస్కారం పెట్టారు.

"పేరెంట్స్ మీటింగు జరుగుతున్నట్టుందే. పిల్లలేరి?"

"వీరే సార్" అన్నారు మధుమంజరి మేడం గర్వంగా.

అధికారి వరసల వెంట చూసుకుంటూ వెళ్ళి మూడో వరసలో ఆగిపోయారు. అక్కడ ఆయన పాత పై అధికారి రంగు పెన్సిల్‌తో ఏనుగుకి రంగు వేస్తున్నారు. ఆయన తలెత్తి, "ఏమయ్యా, బాగున్నావా?" అన్నారు. ఆ తర్వాత అధికారి ఆ గదిలో కూర్చోలేదు. నిలబడే అన్నీ రాసుకున్నారు.

పదో రోజున ఉత్తర్వు వచ్చింది. 'సదరు తరగతి యందలి విద్యార్థులు తమ అధ్యాపకురాలి కంటె సగటున నలుబదియొక్క సంవత్సరములు పెద్దవారై యున్నట్లు గమనించడమైనది. ఇట్టి పరిస్థితి ఎట్లు ఉత్పన్నమైనదో బోధపడకున్నది. కావున విద్యా సంవత్సరాంతమున వీరినందరిని పాఠశాల నుండి విముక్తులను గావించవలెను.'

డీన్ మమ్మల్నందర్నీ పిలిచి చదివి వినిపించారు. మళ్ళీ చిరునవ్వే.

"విద్యార్థి స్కూల్లో లేకపోతే తోబుట్టువుల కోటా ఉండదండి. మీ చిన్నారులు సహజంగానే తమ పాత నంబర్లకి తిరిగి వెళ్తారు."

"నాలుగొందల పన్నెండా?" అంది లోవకుమారి.

"ఇప్పుడు నాలుగొందల తొంభై. ఈ ఏడాది ఆసక్తి పెరిగింది."

ఆ సాయంత్రం మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. లోవకుమారి వంటింట్లో కళ్ళు తుడుచుకుంటోంది. ఏడాదంతా ముసలాయన్ని బస్సెక్కించి పంపింది, రెండు డబ్బాలు కట్టింది, ఊరు నవ్వితే పడింది. అంతా ఇసకలో కలిసింది. నాన్నగారు మాత్రం కళ్ళజోడు పెట్టుకుని, స్కూలువాళ్ళిచ్చిన ఎనభై నాలుగు పేజీల నిబంధనల పుస్తకం ముందేసుకుని, చెకింగువాళ్ళు టికెట్ల పుస్తకం తిరగేసినట్టు ఒక్కో పేజీ వేలితో దాటుకుంటూ వెళ్ళారు. డెబ్భై ఒకటో పేజీ దగ్గర వేలు ఆగింది.

మర్నాడు ఆయన డీన్ గది తలుపు దగ్గర నిలబడి, "మే ఐ కమిన్ మిస్?" అన్నారు. నేను సంరక్షకుడి హోదాలో వెనకాల ఉన్నాను.

"నాకు టీసీ ఇప్పించండి మిస్. అందులో సత్ప్రవర్తన అని రాయండి. మా క్లాసులో ముప్పైమందికీ అంతే."

"అలాగే రాస్తాం" అన్నారు ఆవిడ.

"ఏడాది చదివి సత్ప్రవర్తనతో టీసీ తీసుకున్నవాడు పూర్వ విద్యార్థి అవుతాడు. అవునా మిస్?"

"అవుతాడు."

"పూర్వ విద్యార్థుల పిల్లలకీ, మనవలకీ పరీక్ష లేకుండా, వెయిటింగు లేకుండా నేరుగా సీటివ్వాలని డెబ్భై ఒకటో పేజీలో రాశారు."

మధుమంజరి మేడం పుస్తకం అందుకున్నారు. చదివారు. మళ్ళీ చదివారు. మొట్టమొదటిసారి ఆవిడ మామూలు మనిషిలా మాట్లాడటం విన్నాను.

"అది... అది గొప్పగా ఉంటుందని వేశామండి. స్కూలు పెట్టి ఏడేళ్ళే అయింది. మా పూర్వ విద్యార్థుల్లో అందరికంటే పెద్దవాడికి పన్నెండేళ్ళు. వాడికి మనవలెక్కడుంటారని..."

"నాకున్నారు మిస్" అన్నారు నాన్నగారు.

ఆవిడ చాలాసేపు షీల్డుల వంక చూశారు. తర్వాత నెమ్మదిగా ముఖంలో వెలుగొచ్చింది. ఆ ఏడాది స్కూలు కరపత్రం మీద పెద్దక్షరాలతో వేయించారు: 'ఏడేళ్ళలోనే మూడు తరాల వారసత్వం సాధించిన ఏకైక విద్యాసంస్థ.'

ఏప్రిల్లో ముప్పైమందికీ నల్ల గౌనులూ టోపీలూ వేసి పట్టాలిచ్చారు. అచ్చియ్యమ్మగారు రిజిస్టరులో సంతకం చేశారు. ఆవిడ వెనక వరస ఎంత పెరిగినా, అక్షరం అక్షరం ఓపిగ్గా, పేరంతా రాశారు. ఎవరూ తొందరపెట్టలేదు.

జూన్‌లో మళ్ళీ బడి తెరిచారు. ముప్పైమంది పిల్లలు గేటు దగ్గరకొచ్చారు. ఏడాదిగా ఆ ఇసకలో పొర్లినవాళ్ళు, ఆ పాటలన్నీ నోటికొచ్చినవాళ్ళు. ఒక్కడూ ఏడవలేదు. మోక్షిత నా చెయ్యి వదిలించుకుని, నూకాలమ్మకి టాటా చెప్పి, వెనక్కి తిరక్కుండా లోపలికి పరిగెత్తింది.

గేటు మూసుకుంది. బయట ముప్పైమంది పూర్వ విద్యార్థులు నిలబడిపోయారు. గంట కొట్టారు. లోపల గ్రేస్ మిస్ అటెండెన్స్ పిలవడం వినిపిస్తోంది. మొదట అచ్చియ్యమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆవిణ్ణి చూసి ఏనుగుకి రంగేసిన పెద్దాయన కళ్ళజోడు తీశారు. కాసేపటికి గేటు బయట చిన్నగా మొదలైన ఏడుపు వరస చివరిదాకా పాకింది. మా నాన్నగారు గేటు ఊచలు పట్టుకుని కళ్ళు మిటకరిస్తున్నారు.

గ్రేస్ మిస్ బయటికి వచ్చింది. ఏం చెయ్యాలో ఆమెకి శిక్షణలో నేర్పారు. కానీ అది లోపలివాళ్ళ గురించి. ఒక్క క్షణం తడబడి, నేర్పిన మాటలే కాస్త మార్చి చెప్పింది.

"తీసుకొచ్చినవాళ్ళు దయచేసి గేటు దగ్గర నిలబడకండి. మెల్లగా చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళిపోండి. నాలుగు రోజులు బెంగ పెట్టుకుంటారు, తర్వాత వాళ్ళే అలవాటు పడతారు."

నేను నాన్నగారి చెయ్యి పట్టుకున్నాను. ఆయన గట్టిగా పట్టుకున్నారు. వీధి చివరిదాకా నడిచేలోపు నాలుగుసార్లు వెనక్కి తిరిగి చూశారు.